నాలుగో కుర్చీకి ఒక జమానతు

పోయిన నెల ఒక ఆదివారం మా ఇంటికి ముగ్గురు పిల్లలు వచ్చారు. పిల్లలంటే నా లెక్కలో పిల్లలు. అందులో ఒకతనికి అప్పుడే ముందు జుట్టు పలచబడింది. ముగ్గురి చొక్కాల మీదా ఒకే రకం బిళ్లలున్నాయి. మానుకోటలో సామరస్య వారోత్సవాలు జరుపుతున్నారట. మతాలు వేరైనా, కులాలు వేరైనా, ఇంటి భాషలు వేరైనా ఊరంతా ఒక్కటేనని చాటడం వాటి ఉద్దేశమట. ఒక్కటే అయినప్పుడు చాటడమెందుకని నేను అడగలేదు. ఈ వయసులో కొన్ని ప్రశ్నలకు బదులు టీ పెట్టడం నేర్చుకున్నాను. టీ తాగుతూ వాళ్లే చెప్పారు. ఈ వారోత్సవాల కోసం వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టారట. అందులో ఎవరో ఎవరినో ఏదో అన్నారట. అందుకని ఇప్పుడు అడ్మిన్లు తప్ప ఇంకెవరూ మాట్లాడటానికి వీల్లేకుండా చేశారు. అప్పట్నుంచి గ్రూపులో సామరస్యం బాగుందట.

వాళ్లు వచ్చిన పని నన్ను ముఖ్య అతిథిగా పిలవడం. "సక్రీబాయి మేడం, మీరు మీ డ్రెస్‌ల రావాలె" అంది అమ్మాయి. నేను కట్టుకున్న నేత చీర వైపు చూసుకుని "ఇది నా డ్రెస్సే గదమ్మా" అన్నాను. "అది కాదు మేడం. మీ డ్రెస్" అంది ఇంకా మర్యాదగా. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చీరలోనే పనిచేశాను, చీరలోనే పెళ్లి చేసుకున్నాను. అద్దాలు కుట్టిన లంబాడా దుస్తులు నేను వేసుకున్నదల్లా ఇటువంటి సభల్లోనే. ఆ సంగతి చెప్పబోయేంతలో జుట్టు పలచబడిన అబ్బాయి ఆహ్వాన పత్రిక నా చేతిలో పెట్టాడు. లోపలి పేజీలో ఒక పాట అచ్చువేశారు. మా ఇంటి భాషలోని పాట, తెలుగు అక్షరాల్లో. దాని కింద అర్థం: "నదులు ఎన్నైనా సముద్రం ఒక్కటే, పూలు ఎన్నైనా దండ ఒక్కటే." రెండు బడుల పిల్లలు ఈ పాటకు నాట్యం నేర్చుకున్నారట. ఈ పాటను మొదట వేదిక మీద పాడింది నేనే కనుక నన్ను సన్మానిస్తారట. కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాను. అక్షర దోషాలు లేవు. పాట మాట పోకుండా ఉన్నది ఉన్నట్టే ఉంది. దాని కింద రాసిన అర్థంలో మాత్రం ఒక్క ముక్క నిజం లేదు. నేను వాళ్లకు ఆ మాట చెప్పలేదు. ఇప్పుడిక్కడ చెబుతాను.

నేను బడికి పోయింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా మానుకోట శాఖా గ్రంథాలయంలో చదివాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు సరికదా, కొంచెం గర్వం ఎక్కువే. పట్టాలున్న వాళ్లు కొందరు ఇంటి గోడకు పట్టా తగిలిస్తారు; నాకు తగిలించుకోవడానికి ఏమీ లేక ప్రతి సంభాషణలోనూ ఏదో ఒక పుస్తకం మాట తెస్తానని మా ఆయన విసుక్కునేవాడు. ఆ చదువు నాకు ఎట్లా దొరికిందో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది కొత్తగూడ వైపు అడవిలో ఒక తండా. మా నాయినకు రైల్వే గూడ్సు షెడ్డులో హమాలీ పని దొరికితే అందరం మానుకోట వచ్చి, షెడ్డు వెనక రెండు గదుల పెంకుటింట్లో కిరాయికి దిగాము. మా ఇంటి వాసన అంటే ఇప్పటికీ నాకు మిరపకాయల వాసనే. మా అమ్మ మిర్చి కల్లాల్లో తొడిమెలు తీసే పనికి పోయేది. సాయంత్రం వచ్చి వాకిట్లో నిలబడి చీర కొంగు దులిపితే ఇల్లంతా వరసగా తుమ్మేది: ముందు నేను, తర్వాత నాయిన, చివర మేక. అమ్మ చేతులు మండి ఎర్రగా ఉండేవి. వాటికి మజ్జిగ పూసుకుని, అన్నం తినేటప్పుడు కూడా కళ్ల దగ్గరికి చెయ్యి పోకుండా జాగ్రత్తపడేది. నాయిన తల్లిని మేం దాదీ అంటాము. మా దాదీ పొద్దున లేస్తూనే దవడన ఇంత పొగాకు పెట్టుకుని, జొన్నరొట్టె తట్టుతూ ఊరి మీద తీర్పులు చెప్పేది. టౌనుకు వచ్చినా మంచం మీద కూర్చునేది కాదు; మంచం జ్వరం వచ్చినవాళ్లకని ఆమె నమ్మకం. మాతో ఎప్పుడూ మా భాషే మాట్లాడేది. మేకతో మాత్రం తెలుగు మాట్లాడేది. దాన్ని టౌన్లో కొన్నాం కాబట్టి దానికి మన మాట రాదనేది. ఆమె మాటలను ఇక్కడ నేను తెలుగు చేసి రాస్తున్నాను. అందులో కారం సగం పోతుంది, ఏం చేయలేను.

ఆ రోజుల్లోనే బజారులో ఏదో ఊరేగింపు దగ్గర చిన్న తోపులాట జరిగింది. ఎవరి ఊరేగింపు, ఎవరు ముందు తోశారు అన్నది మాకు తెలియదు. పెద్దగా దెబ్బతిన్నది ఒక అరటిపళ్ల బండి. అయినా ఊరి పెద్దమనుషులు కలవరపడి, ఇక మీదట ఇటువంటివి జరగకూడదని సర్వజన మైత్రీ సంఘం అని ఒకటి పెట్టారు. దాని అధ్యక్షుడు బట్టల దుకాణం వీరేశం సేటు. ఏటేటా ఒక సభ. వేదిక మీద నాలుగు కుర్చీలు. ఒకదాంట్లో సేటు హిందువుల తరఫున, ఒకదాంట్లో కలప డిపో హాజీ సాబు ముస్లింల తరఫున, మూడోదాంట్లో పాస్టరుగారు. నాలుగోది గిరిజనులది. ఆ కుర్చీకే మనిషి దొరకలేదు. తండాల నాయకులు పొలం పనులు వదులుకుని కుర్చీలో కూర్చోవడానికి రాలేదు. సభ మొదలయ్యే వేళకు నాలుగో కుర్చీ ఖాళీగా ఉంటే సంఘం లక్ష్యమే దెబ్బతింటుందని, దగ్గర్లో ఉన్నాడని షెడ్డులో బస్తాలు మోస్తున్న మా నాయినను పిలిచారు. ఆయన చెమట తుడుచుకుంటూ, "నాకు మాట్లాడరాదు సేటూ. నా బిడ్డకు తెలుగు చదువొచ్చు, దాన్ని తీస్కపోండ్రి" అన్నాడు. అట్లా నాకు పన్నెండేళ్ల వయసులో నాలుగో కుర్చీ వచ్చింది. కూర్చుంటే కాళ్లు నేలకు ఆనేవి కావు.

నేను బడి లంగా జాకెట్టుతో పోయాను. సేటు నన్ను ఎగాదిగా చూసి, "ఇదేందే పిల్లా, గిట్లొచ్చినవ్? మీ అద్దాల బట్టలు లేవా? గిట్ల కూసుంటే నువ్వు ఎవరివో జనానికి ఎట్ల ఎరుకైతది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కూర్చున్న మనిషి కంటే కుర్చీ ముఖ్యం. నాకేమో అటువంటి బట్టలు లేవు. ఇంటికి పరిగెత్తితే దాదీ ముందు గొణిగి, తర్వాత పెట్టె తీసింది. పొగాకు, పొయ్యి పొగ, వేపాకు కలిసిన వాసనతో ఆమె పెళ్లినాటి ఫేట్యా, అంటే మా అద్దాల లంగా, బయటికి వచ్చింది. నడుము దగ్గర మూడు మడతలు మడిచి తాడుతో కట్టింది. దాని బరువుకు నేను నడవడం లేదు, ఈడుస్తున్నాను. "పాట కూడా పాడమన్నరు" అన్నాను.

"ఏం పాట?"

"మనుషులందరూ ఒక్కటే అనే పాట."

దాదీ పొగాకు నమలడం ఆపి వేళ్ల మీద లెక్కపెట్టింది. "పెళ్లికున్నది పాట. వానకున్నది. చచ్చినోళ్లకున్నది. మరిదిని తిట్టడానికి నాలుగున్నయి. గిసొంటిది లేదే" అంది. "గట్ల ఎవరన్న పాడుకుంటరా? ఎరుక లేనోళ్లకు చెప్పాలె గని." చివరికి ఆమెకు ఒక పాట తట్టింది. మా తండా ఆడవాళ్లు బజారు చేసుకుని కాలినడకన తిరిగివస్తూ, బరువు మరిచిపోవడానికి పాడుకునే పాట. వరస బాగుంటుంది, అడుగుకు అడుగు కలుస్తుంది. అది ఒక బట్టల సేటు మీద కట్టిన పాట. పేరు ఉండదు, మా ఆడవాళ్లు ఆయనకు పెట్టుకున్న మారుపేరే ఉంటుంది. తెలుగులో చెప్పాలంటే మూడు గడ్డాల సేటు. వీరేశం సేటుకు నిజంగానే గడ్డం కింద రెండు మడతలుండేవి.

"వద్దు దాదీ, ఆయన నా పక్కనే కూసుంటడు" అన్నాను ఏడుపు గొంతుతో.

"కూసోనీ. మన మాట ఎప్పుడన్న విన్నడా, ఇయ్యాల వినడానికి? వరస మంచిగున్నది. పాడు."

పాడాను. "మూడు గడ్డాల సేటు గజం బద్దకు చెవులున్నయి, మన గజ్జెల చప్పుడు వింటే భయపడి ముడుచుకుంటది. మూడు గడ్డాల సేటు బట్ట చేతికియ్యడు, దూరం నుంచి ఇసురుతడు. ఇసిరిన బట్ట గాలిలనే మూరెడు తగ్గుతది. ఓ అక్కా, ఇంటికి తెచ్చి కుట్టుకుంటే రైక మేకకు సరిపోయింది, మేక దొరసానైంది." ఇదీ పాట. నా గొంతు వణికింది. అది భక్తి అనుకున్నారు. రెండో చరణానికి జనం చప్పట్లు అందుకున్నారు. సేటు కళ్లు మూసుకుని, కుర్చీ చేతి మీద వేళ్లతో తాళం వేశాడు. పాట అయిపోయాక, సభకు పిలిచిన తెలుగు పంతులుగారిని అర్థం చెప్పమన్నారు. ఆయనకు మా భాష రాదు. ఆ సంగతి ఒప్పుకుంటే సభ గౌరవం ఏమైపోవాలి? ఆయన లేచి, గొంతు సవరించుకుని, నదులు, సముద్రం, పూలు, దండ అన్నీ చెప్పారు. అడవి బిడ్డల నోట ఇంతటి వేదాంతమా అని కళ్లు కూడా ఒత్తుకున్నారు. హాలంతా కరతాళ ధ్వనులు. వెనక వరుసలో తలుపు పక్కన నిలబడ్డ ఒక మనిషి మాత్రం నోట్లో రుమాలు కుక్కుకుని బయటికి పరిగెత్తాడు.

ఆయన ఖాసిం. భుజం మీద గాజుల మలారం వేసుకుని బయ్యారం నుంచి కొత్తగూడ దాకా తండాలన్నీ తిరిగి గాజులు తొడిగేవాడు. మేం ఖాసిం కాకా అనేవాళ్లం. మా భాష మాకంటే బాగా మాట్లాడేవాడు. ఎట్లా వచ్చిందంటే, "గాజు ఎక్కేటప్పుడు నొప్పికి మీ ఆడోళ్లు తిడ్తరు గదా బిడ్డా, ఆ తిట్లతోనే ఓనమాలైనయి" అనేవాడు. సభ తర్వాత వేపచెట్టు కింద నన్ను పట్టుకుని, "నీ గుండె గుండె గాదే, ఇనుము. బయ్యారం గుట్టల్లది" అన్నాడు. నేను ఏడ్చాను. "ఏడువకు. అర్థం పంతులే చెప్పిండు. ఇగ నీకు ఫికర్ లేదు" అన్నాడు. నిజమే. ఆ పాట ఎంత నచ్చిందంటే, మరుసటి ఏడూ, ఆ మరుసటి ఏడూ అదే పాడమన్నారు. మూడేళ్లు పాడాను. మూడేళ్లూ సేటు తాళం తప్పలేదు.

మూడో ఏడు సభ నాటికి నా బడి ముగిసింది. ఏడో తరగతి కాగానే అమ్మ నన్ను కూడా కల్లానికి తీసుకుపోసాగింది. అంతకుముందు బడి వదలగానే గ్రంథాలయానికి పోయేదాన్ని. చదువుల గదిలో కూర్చుని చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పత్రికలయ్యాక పెద్ద నిఘంటువు తెరిచేదాన్ని. మైత్రీ సంఘం వాళ్లు మాటిమాటికీ అనే 'సహనం' అంటే ఏమిటో కూడా అందులోనే చూశాను. ఓర్చుకోవడం అని ఉంది. ఎవరు ఎవరిని ఓర్చుకుంటున్నారో మాత్రం నిఘంటువులో లేదు. తర్వాత నవలల బీరువా దొరికింది. ఒక బెంగాలీ నవలకు తెలుగు అనువాదం సగం చదివాను. ఒక జమీందారీ ఇంట్లో ముగ్గురు అన్నదమ్ముల కథ. సరిగ్గా చిన్నవాడు అలిగి పడవ ఎక్కిన చోట నాకు కల్లం పని మొదలైంది. గ్రంథాలయం పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు. నేను పొద్దు పొడిచాక పోయి, పొద్దు గూకాక వచ్చేదాన్ని. ఇంటికి పుస్తకం తెచ్చుకుంటే తప్ప నా చదువు అంతటితో సరి. ఇంటికి తెచ్చుకోవాలంటే కార్డు కావాలి. కార్డు కావాలంటే ఊళ్లో సొంత ఇల్లుండి పన్ను కట్టే ఎవరైనా రసీదు చూపి జమానతు సంతకం పెట్టాలి. పుస్తకం తిరిగి రాకపోతే వాళ్లది పూచీ.

"నిబంధన నేను పెట్టింది కాదమ్మా" అన్నారు లైబ్రరీ సారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. "నీకు పెద్దవాళ్లు చాలామంది తెలుసు కదా. సభలో చూశాను."

నాక్కూడా అదే ధైర్యం. మూడేళ్లు వాళ్ల పక్కన కూర్చున్నదాన్ని. దరఖాస్తు కాగితం పట్టుకుని కల్లం సెలవు రోజున బయలుదేరాను. పంతులుగారు నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిప్పించి, నా పట్టుదలను మెచ్చుకుని, ఇల్లు కొడుకు పేర ఉందన్నారు. పాస్టరుగారిది చర్చి వాళ్లిచ్చిన ఇల్లు. హాజీ సాబు, "జిందగీల ఎవలకు జమానత్ ఉండనని మా నాయినకు మాటిచ్చిన బేటీ" అన్నాడు. అందరూ మంచివాళ్లే, అందరి కారణాలూ సరైనవే. చివరికి సేటు దుకాణానికి పోయాను. మా వాళ్లు బయట బండ మీదే నిలబడాలి కాబట్టి బండ మీదే నిలబడ్డాను. మిర్చి మరకల లంగా, ఎర్రబడ్డ చేతులు.

"ఏం గావాలె? ఎవల పిల్లవే?" అన్నాడు సేటు, తల ఎత్తి ఎత్తకుండానే.

"నేను సక్రిని సేటూ. నాలుగో కుర్చీ."

ఆయన కళ్లు చిట్లించాడు. "ఆఁ! నువ్వా? అద్దాలు లేకపోతే ఎట్ల గుర్తుపడ్త?" సంగతి చెప్పాను. నవ్వాడు, జాలిగా. "నువ్వు నా బిడ్డ అసొంటిదానివే. గని మీ వోళ్లు ఇయ్యాల ఈడుంటరు, రేపు మిరపకాయ ఏరుడుకు గుంటూరు పోతరు. పుస్తకం పోతే నేను ఏ రైలెక్కి తిరగాలె? సభ తారీఖు చెప్పి పంపుత, అద్దాలేసుకోని రా."

నేను ఏడవలేదు. దుకాణాల వరుస చివర ఖాసిం కాకా మలారం దించుకుని బీడీ తాగుతుంటే పోయి పక్కన కూర్చున్నాను. కాగితం చూపించాను. ఆయన వెంటనే లేచి, "నేను పెడ్త సంతకం, నడువ్" అని నన్ను గ్రంథాలయానికి తీసుకుపోయాడు. సారు రసీదు అడిగారు. ఖాసిం కాకాది కిరాయి ఇల్లు. బయటికొచ్చి మెట్ల మీద కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత ఆయన ముఖంలో ఒక నవ్వు వచ్చింది. మూడేళ్ల కింద రుమాలు కుక్కుకున్న నవ్వు.

మళ్లీ దుకాణం. ఖాసిం కాకా బండ మీద ఆగలేదు. చెప్పులు విడిచి నేరుగా లోపలికి పోయి, తెల్ల పరుపు అంచున కూర్చున్నాడు.

"సేటూ, సలామలేకుం. ఈపారి సభల నాక్కూడ జర మాట్లాడే మోకా ఇయ్యాలె."

"నువ్వా? ఏం మాట్లాడ్తవు ఖాసిం?"

"ఈ పిల్ల పాటకు అర్థం చెప్త."

"అర్థం పంతులుగారు చెప్పనే చెప్పిరి గద."

"పంతులుది పంతులు అర్థం. తండోళ్లది తండోళ్ల అర్థం. రెండూ వింటేనే గద మైత్రి."

సేటు ముఖంలో మొదటిసారి అనుమానం కదిలింది. "ఏమున్నది గండ్ల?"

"ఉన్నది. గజం బద్ద ఉన్నది. మేక ఉన్నది." ఖాసిం కాకా తన గడ్డం కింద వేలితో మెల్లగా మూడు గీతలు గీసి చూపించాడు. "ఇంకో పెద్దమనిషి ఉన్నడు."

గుమాస్తా తానుల వెనక్కి తప్పుకున్నాడు. ఆ తానులు కదలడం నాకు కనబడుతోంది. సేటు నా వైపు తిరిగి, "తెలుగుల చెప్పు" అన్నాడు. నా కాళ్ల కింద బండ మీద ఎండ మండుతోంది. పాట పోతే పోయింది, ఇక కార్డు రాదు, నాయినకు షెడ్డులో పని కూడా ఉంటుందో ఉండదో అనుకున్నాను. ఖాసిం కాకా చెయ్యి ఊపాడు, చెప్పమన్నట్టు. చెప్పాను. మొత్తం చెప్పాను, మేక దొరసాని అయ్యేదాకా.

సేటు తన ముందున్న గజం బద్దను చూశాడు. దాన్ని తీసి కొంచెం పక్కకు జరిపాడు.

"మూడేండ్ల సంది... గా పాటకు నేను తాళం గొట్టిన్నా?"

"కొట్టినవ్ సేటూ" అన్నాడు ఖాసిం కాకా. "ఒక్కపారి గూడ తాళం తప్పలె."

ఎవరు ముందు నవ్వారో నాకు గుర్తు లేదు. గుమాస్తా అనుకుంటాను. సేటు నవ్వలేదు. "ఏది ఆ కాగితం" అన్నాడు. ఇంటికి మనిషిని పంపి పన్ను రసీదు తెప్పించాడు. సంతకం పెడుతూ, "ఎవలన్న వింటే పరువు పోతది" అన్నాడు. ఊరి సామరస్యం కోసం ఏర్పడ్డ సంఘం నాకు తెలిసి సాధించిన మొదటి పని అది. దానికి కావలసి వచ్చింది ఉపన్యాసం కాదు, ఒక చిన్న బెదిరింపు. ఈ మాట ఏ సామరస్య వారోత్సవంలోనూ చెప్పలేను.

కార్డు చూసి దాదీ తిప్పి తిప్పి అడిగింది. "దీంతో ఏం ఇస్తరు?" పుస్తకం ఇస్తారన్నాను. "మనకేనా?" కాదు, మళ్లీ ఇచ్చేయాలన్నాను. "మళ్లీ ఇచ్చేదానికి ఇంత లొల్లా?" అని మేక వైపు తిరిగి తెలుగులో ఏదో అంది. మా ఇంట్లో మేక, దాదీ ఎప్పుడూ ఒకే పక్షం.

అసలు కథ సంతకం తర్వాతే మొదలైంది. జమానతు పెట్టినప్పట్నుంచి సేటుకు నిద్ర లేదు. నేను మర్నాడే గుంటూరు రైలెక్కినట్టు కలలొచ్చాయని ఆయనే తర్వాత చెప్పాడు. నేను కల్లం నుంచి వచ్చే దారిలో ఆయన దుకాణం ఉంది. రోజూ బయటికొచ్చి నిలబడేవాడు. "సక్రీ, పుస్తకం ఉన్నదా? ఏది, చూపియ్యి. పేజీలు చింపలె గద? గడువు ఎప్పుడు?" మూడేళ్లు వేదిక మీద నా పక్కన కూర్చుని గుర్తుపట్టని మనిషి, ఇప్పుడు సందు మలుపు తిరగకముందే, ఆడవాళ్ల గుంపులో కూడా నన్ను గుర్తుపట్టేవాడు. సోదరభావం గురించి మాట్లాడినన్ని రోజులు ఆయనకు నా వల్ల వచ్చే నష్టమేమీ లేదు. నష్టం వచ్చే అవకాశం ఏర్పడ్డాకే నా ముఖం ఎట్లా ఉంటుందో చూశాడు. మనుషుల మధ్య పరిచయం ఎట్లా పుడుతుందన్నదాని మీద నేను గ్రంథాలయంలో చాలా చదివాను గానీ, ఈ మార్గం ఏ పుస్తకంలోనూ లేదు.

ఇప్పటి వారోత్సవాల్లో కుర్చీలు నాలుగు కాదు, ఇరవై. ఫ్లెక్సీల మీద ముఖాలు అన్నీ నవ్వుతున్నాయి. తండాలు పంచాయతీలయ్యాయి, మా వాళ్ల పిల్లలు మంచి ఉద్యోగాల్లో ఉన్నారు, ఏ దుకాణంలోనూ మమ్మల్ని బండ మీద నిలబెట్టరు; అందులో నాకు సంతోషమే, అప్పటి రోజులే మంచివి అనే ముసలితనం నాకు లేదు. కానీ ఖాసిం కాకా పోయి చాలా ఏళ్లయింది. నా మనవలకు మా భాష రాదు. రేపు ఆ పిల్లలు ముద్దుగా నాట్యం చేస్తుంటే, వెనక వరుసలో నోట్లో రుమాలు కుక్కుకోవడానికి ఒక్క మనిషి కూడా ఉండడు. అప్పుడు అర్థం తెలియకుండా చప్పట్లు కొట్టారు, నిజమే. కానీ తెలిసినవాడు హాల్లో ఒకడుండేవాడు. అంతా మర్యాదగా తయారయ్యే క్రమంలో ఆ ఒక్కడు ఎట్లా తప్పిపోయాడో నాకు అంతుపట్టదు.

ఆ కార్డు మీద నేను తెచ్చుకున్న మొదటి పుస్తకం, సగంలో ఆగిన ఆ బెంగాలీ నవలే. సేటు రోజూ తనిఖీకి అడగడం కొన్నాళ్లకు వేరే రకంగా మారింది. "ఇంత మందం పుస్తకంల ఏమున్నదే?" అన్నాడొక రోజు. ముగ్గురు అన్నదమ్ములు, ఆస్తి, చిన్నవాడు అలిగి పోవడం చెప్పాను. సేటుకు ఇద్దరు అన్నలుండేవారు. వాళ్లతో ఆయనకు మాటల్లేవని ఊరందరికీ తెలుసు. "దస్తావేజు రాసుకోకుంట ఎట్ల పోతడు? పిచ్చోడా?" అన్నాడు. మర్నాడు మళ్లీ అడిగాడు. బండ మీద నిలబడి చెబుతుంటే గిరాకీలకు అడ్డమని గుమాస్తా విసుక్కున్నాడు. "లోపటికి రా, గాడ నిలబడి లొల్లి ఏంది" అన్నాడు సేటు. లోపలికి పోయాను. తెల్ల పరుపు మీద నా ఎర్ర చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పుస్తకం మీద పెట్టుకున్నాను. అప్పట్నుంచి సాయంత్రం పూట కొన్ని పేజీలు అక్కడ గట్టిగా చదివేదాన్ని. నాకు చదివి వినిపించడం అక్కడే వచ్చింది. సేటు వింటూనే బట్ట కొలిచేవాడు. అన్నదమ్ములు గొడవపడే చోట చెయ్యి ఆగిపోయేది. ఆ రోజు బట్ట కొన్నవాళ్లకు కొంచెం ఎక్కువే పోయి ఉంటుంది.

ఒక మబ్బుపట్టిన సాయంత్రం, కథ పెద్దన్న, చిన్నవాడు పదేళ్ల తర్వాత ఎదురుపడే దగ్గరికొచ్చింది. నేను పుస్తకం మూసి లేవబోయాను.

"ఏమైందే? మధ్యల లేస్తున్నవ్?"

"గడువు రేపే సేటూ. రేపు పొద్దున మా దాదీతోని లైబ్రరీకి పంపాలె. ఇంకా నలభై పేజీలున్నయి, ఇయ్యాల కావు."

"మరి వాళ్లు పంచుకుంటరా, పంచుకోరా?"

"తెల్వది. చదివితేనే."

సేటు తలుపు వైపు చూశాడు, నా వైపు చూశాడు, చేతిలో ఉన్న కత్తెర కింద పెట్టాడు.

"రేపు ఇయ్యకు."

"సారు నిన్ను అడుగుతడు సేటూ. జమానతు నీదే గద."

"నాదే గద. మరి నేనే చెప్తున్న, కూసో." ఆయన పరుపు మీద ఇంకొంచెం నా వైపు జరిగి కూర్చున్నాడు. గుమ్మంలో ఒకావిడ రవిక గుడ్డ కోసం వచ్చి నిలబడింది. సేటు తల కూడా తిప్పకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగు తల్లీ. ఈడ పంపకాలు నడుస్తున్నయి."